గడప లేని దుకాణం

గద్వాలలో కోట వెనక గల్లీలో ఒక బట్టల దుకాణం ఉంది. నున్నటి టైల్స్ మీద మనుషులు ఉత్త పుణ్యానికి తట్టుకుని పడతారని దానికి చెడ్డపేరు. పడేవాళ్లంతా ఒకచోటే పడతారట... షట్టర్ దాటి సరిగ్గా నాలుగడుగుల లోపల.

ఇద్దరు అక్కడ దుకాణం పెట్టి ఎత్తేశాక నరేందర్ పెట్టాడు. పన్నెండేళ్లు ముంబైలో ఇటుకలు మోసినవాడికి అక్కడ దెయ్యముందన్న మాట ఒక లెక్క కాదు. ఇదీ మూతపడితే మళ్లీ ముంబై బస్సే ఎక్కాలి. అతని భయమంతా ఆ బస్సంటేనే.

నెల తిరక్కుండా ఆరుగురు పడ్డారు.

మేస్త్రీ ఎల్లన్న వచ్చి నీళ్ల పైపుతో మట్టం పట్టి చూశాడు. నేల పళ్లెంలా చదునుగా ఉంది. ఇది పాతకాలం ఇల్లనీ, ముందు అరుగును లోపలికి కలిపేసి షట్టర్‌ను వీధి అంచున పెట్టారనీ చెప్పాడు. తర్వాత అందరూ పడేచోట నిలబడి గొంతు తగ్గించాడు.

"ఈడ టేకు గడప ఉండె తమ్మీ. టైల్స్ ఎయ్యనీకి... నేనే పీకిన."

సంగతేదో తేల్చుకోవాలని ఆ రాత్రి నరేందర్ షట్టర్‌కు లోపలినుంచి తాళం వేసుకుని చీరల కట్టల మధ్య పడుకున్నాడు. అర్ధరాత్రి దాటాక కరెంటు పోయింది. కాసేపటికి వెనక గదిలో... పట్టీల చప్పుడు.

దగ్గరికొచ్చింది... అతని పక్కనుంచే పోయింది... ఆ చోట ఆగింది.

గడప దాటినట్టు ఒక పెద్ద అంగ. అవతల పట్టీ మళ్లీ మోగింది. తట్టుకోలేదు. ఆ దుకాణంలో తట్టుకోనిది ఆమె ఒక్కతే.

తెల్లారి ఇంటికొచ్చి భార్య అమూల్యకు చెప్పాడు. ఆమె మాత్రం తొణకలేదు.

"పసుపు లేకుంటే గడప ఎట్ల కనవడ్తది? తట్టుకోరా మరి?"

అదే చోట టైల్స్ మీద బారెడు పసుపు పూసి బొట్లు పెట్టింది. పసుపు పూసిన గడపను ఎవరు తొక్కుతారు? వచ్చినవాళ్లంతా కాలెత్తి దాటారు. ఆనాటినుంచి ఎవరూ పడలేదు. దసరాకు దుకాణంలో ఊపిరాడలేదు. నరేందర్ బస్సు మాట మరిచిపోయాడు.

పొద్దున దుకాణం తెరిచేది అతను, రాత్రి కట్టేసేది అమూల్య. ఏడాది గడిచాక ఒకనాడు అన్నం తింటూ మెచ్చుకున్నాడు.

"దినాం మర్చిపోకుండ పసుపు పూస్తున్నవ్."

అమూల్య చెయ్యి ఆగింది.

"నేను పూసింది ఆ ఒక్క దినమే. పొద్దుగాల నువ్వు పూస్తున్నవనుకున్న..."

నరేందర్ ముద్ద మింగాడు.

"రేపు ఒక పసుపు పొట్లం ఆడ పెట్టు," అన్నాడు. "ఆమెది అయిపోయిందేమో."