పచ్చకొమ్మకు ఎనభై శాతం

"పదకొండింటికి ఒక దొంగ మెసేజ్ వెళ్తుంది," అంది చీఫ్ నాగలత.

ఖమ్మంలో మిర్చి కోల్డ్ స్టోరేజీ పైగది. ఉదయం ఆరు. ఘాటుకి ఏజెంట్ వెంకటకృష్ణ తుమ్మాడు.

"ఎవరికి మేడమ్?"

"భద్రాచలం వరద క్యాంపుల్లో ఉన్న నాలుగు వేల మందికి. 'గోదావరి తగ్గింది, ఇళ్లకు వెళ్లండి' అని. అసలు వరద మధ్యాహ్నానికి వస్తుంది. ఫారిన్ ముఠా పని. ట్రాన్స్‌మిటర్ అడవిలో గుట్ట మీద ఉంది. ఆ దారులు తెలిసినవాళ్లు ఇద్దరే. బొజ్జయ్య, అతని భార్య ఆదెమ్మ."

వెంకటకృష్ణ తల దించుకున్నాడు. బొజ్జయ్య ఎనిమిది నెలలుగా జైల్లో ఉన్నాడు. పంపింది ఇతనే.

వాళ్ల డిపార్ట్‌మెంట్‌లో ఏదీ సూటిగా రాయరు. రిపోర్టులో హింట్ అంటే ఇరవై శాతం నమ్మకం. సజెస్ట్ అంటే యాభై. ఇండికేట్ అంటే ఎనభై, అంటే అరెస్టు. నిరుడు అడవిలో దారి చీలిన చోటల్లా బొజ్జయ్య పచ్చకొమ్మ విరిచి, ఒక బాటకు అడ్డంగా వేసి, పైన రాయి పెట్టడం ఇతను చూశాడు. తోటి ఏజెంట్ పద్మప్రియ నల్లకళ్లద్దాలు సవరించుకుంటూ, "నేనేం అనడం లేదు. కానీ ఆ కొమ్మలు ఎవరి కోసమో?" అంది. ముఠాకి సిగ్నల్ ఇస్తున్నాడంటూ ఇతను 'ఇండికేట్స్' అని రాసేశాడు. ప్రమోషన్ వచ్చింది.

ఊళ్లో ఏ ముసలమ్మను అడిగినా చెప్పేది. వెనక వచ్చేవాళ్లు దారి తప్పకుండా, 'ఇటు రావద్దు' అని వేసే కొమ్మ అది. అడగలేదు. తర్వాత తెలిసింది, అయినా నోరు విప్పలేదు. అప్పటినుంచి అతనికి తిన్నది ఒంటబట్టడం లేదు.

జీపు అడవి అంచున ఆగేసరికి పది. వెంకటకృష్ణది మలేరియా మందు కొట్టే మనిషి వేషం. వీపున ఉన్న స్ప్రే డబ్బాలో మందు లేదు, సిగ్నల్ ఆపే జామర్ ఉంది. జీపు నడిపింది పద్మప్రియ.

గుడిసె ముందు ఆదెమ్మ మేకలకు ఆకు కోస్తోంది.

"అమ్మా, గుట్టకు దారి చూపించాలి."

"గుర్తువట్టిన నిన్ను. మా ఇంట్ల జావ తాగి, మా ఆయన్ని జైలుకు తోలినవ్. నేనేం చెప్పినా అది గూడ రాసుకుంటవ్."

తప్పు నాదే అనబోయాడు. దొంగ మెసేజ్ సంగతి మాత్రం చెప్పాడు. ఆమె కొడవలి చంకన పెట్టుకుని, ముందు నడిచి చెట్లలో మాయమైంది.

"నేనేం చెప్పను," అంది పద్మప్రియ జీపు దిగకుండానే. "ఎడమ బాట దగ్గరి దారి అని విన్నాను. నీ ఇష్టం."

పదీ ఇరవై. బాట రెండుగా చీలింది. ఎడమ బాటకు అడ్డంగా పచ్చకొమ్మ. పైన రాయి.

వెంకటకృష్ణ ఆగాడు. అదే కొమ్మ. ఇప్పుడు దానికి ఎంత శాతం వేస్తాడు? కుడివైపు పరుగెత్తాడు.

గుట్ట ఎక్కేసరికి ట్రాన్స్‌మిటర్ మీద ఇంకా తొమ్మిది సెకన్లున్నాయి. డబ్బా మూత తీశాడు. ఏడు. స్విచ్ తడిసి జారుతోంది. నాలుగు. నొక్కాడు. రెండు దగ్గర అంకె ఆగిపోయింది. మెసేజ్ వెళ్లలేదు.

దిగి వచ్చేసరికి ఆదెమ్మ చీలిక దగ్గర కూర్చుని ఉంది.

"ఎడమ బాటల పొద్దుగాల ఎవరో వైర్లు పెట్టి ఏందో పాతిపెట్టిన్రు. చూసిన. చెప్తే మమ్మల్నే పట్టుకపోతరు గదా."

"మరి నన్నెందుకు కాపాడావమ్మా?"

"నిన్నెవరు కాపాడిన్రు? క్యాంపుల నా బిడ్డ శ్యామల ఉన్నది."

జీపు దగ్గర అతన్ని ప్రాణాలతో చూడగానే పద్మప్రియ ముఖం పాలిపోయింది. ముఠాతో కలిసింది ఆమేనని అర్థమైంది. అతను బేడీలు వేస్తుంటే, "నేను అసలేమీ చెప్పలేదు!" అని అరిచింది.

"నిజమే," అన్నాడు. "నువ్వు సజెస్ట్ చేశావు. ఇండికేట్స్ అని రాసిన పాపం నాది."

సాయంత్రం రిపోర్టు సాఫ్ట్‌వేర్‌లో హింట్, సజెస్ట్, ఇండికేట్ తప్ప ఇంకో ఆప్షన్ దొరకలేదు. తెల్లకాగితం తీసి చేత్తో రాశాడు. బొజ్జయ్య ఏ తప్పూ చేయలేదు. నేను తెలుసుకోకుండా రాశాను, తెలిశాక దాచాను.

నాగలత రెండుసార్లు చదివింది. "ఇది పైకి పంపితే నీ ఉద్యోగం పోవచ్చు."

"పోవచ్చు అంటే ఎంత శాతం మేడమ్?"

"ఎనభై."

"పంపండి. బొజ్జయ్యను జైల్లో వేయడానికి అంతే సరిపోయింది."