తడి బండ

డోన్‌లో రైలు కట్టకు ఇవతల శివజ్యోతి కాపురముంటున్నది పాతకాలపు ఇటుకల ఇల్లు. మూరెడు మందం గోడలు, నేలంతా బేతంచెర్ల బండలు. మే నెలలో వీధంతా ట్యాంకరు నీళ్ళ కోసం బిందెలు వరసపెట్టి పోట్లాడుకుంటుంటే, ఈమె నడిమింట్లో మాత్రం ఒక బండ తడిసింది. తుడిస్తే గంటకు మళ్ళీ చెమర్చేది. ఇంకెవరైనా అయితే వింతగా చెప్పుకునేవాళ్ళు. శివజ్యోతికి ఏదీ వింతగా తోచడం మానేసి మూడు నెలలైంది.

మొగుడు రామాంజి లారీకి బండలెత్తుతూ వాటి కిందే పడి చనిపోయాడు. తెచ్చి నడిమింట్లో, సరిగ్గా ఆ బండ మీదే పడుకోబెట్టారు. ఆమెకు ఏడుపు రాలేదు. చుట్టాలు చెవులు కొరుక్కున్నారు. వాళ్ళకేం, కొరుక్కుంటారు. లోపలంతా మొద్దుబారిపోయిన మనిషి ఎక్కడినుంచి తెచ్చి ఏడుస్తుంది?

ఆరేళ్ళ కూతురు సుజన ఆ రోజునుంచి నోరు విప్పలేదు. ఆకలైతే కంచం చూపిస్తుంది, అంతే. డాక్టరు టైం పడుతుందన్నాడు. బిడ్డ నోట ఒక్క మాట వినాలి. శివజ్యోతికి మిగిలిన కోరిక అదొక్కటే.

బండలు పరిచే మేస్త్రీ దాసన్న వచ్చి, తాపీ పిడితో తట్టి చూశాడు.

"కింద నీళ్ళు యాడివి మ్మా? ఈ వీధిలో బోరు ఎంత లోతు ఏసినా దుమ్మే లేస్తాంది," అన్నాడు. "తడి మీద సిమెంటు పట్టదు. నాలుగు దినాలు బండల పొడి సల్లు, తేమ పీలుస్తాది. బేస్తవారం వచ్చి కింద కాంక్రీటు పోసి మూసేస్తా."

బండలు పాలిష్ పట్టేటప్పుడు రాలే తెల్లటి పొడి, రామాంజి తెచ్చిపెట్టిందే, మూలన సంచెడు ఉంది. జల్లించి నడిమిల్లంతా పరిచింది. మధ్యాహ్నం తిన్నాక తల్లీబిడ్డలు గోడవార చాప మీద నడుం వాల్చారు.

లేచేసరికి పొడి మీద అడుగులున్నాయి. మగమనిషివి. తడి బండ నడుమ మొదలై, నాలుగంటే నాలుగు పడి ఆగిపోయాయి. తడిసిన రాయి వాసన వస్తోంది. పని దిగి ఇంటికొచ్చినప్పుడు రామాంజి చొక్కాకు ఉండే వాసన. భయపడాలని తెలుసు కానీ ఆమెకు భయం రాలేదు.

"నాయన," అంది వెనకనుంచి సుజన.

మూడు నెలల తర్వాత మొదటి మాట.

మర్నాడు అత్త గంగక్క పల్లెనుంచి వచ్చింది. గడప దాటబోయి, నేలను చూసి ఆగిపోయింది.

"ఏం పని చేసినావే?" గొంతు తగ్గించి అడిగింది. "దినాలప్పుడు పిండి సల్లి, గంప బోర్లించి సూసినాం కదా. పిట్ట కాళ్ళు కనపడినాయి. వాడు పిట్టయి పోయినాడనుకున్న్యాం. ఆ పని ఒక్కతూరే చెయ్యాల. మళ్ళా సల్లితే పిలిచినట్లే."

"తేమ కోసం సల్లినా అత్తా."

"దేనికి సల్లితే ఏమి? వచ్చినోళ్ళు ఉత్తచేతులతో పోరు."

"పాప మాట్లాడింది అత్తా."

ముసలామె మూలనున్న చీపురు చూపించింది. "ఊడ్చెయ్," అంది. శివజ్యోతి ఆమె కళ్ళముందే శుభ్రంగా ఊడ్చింది. అత్తను బస్సెక్కించి వచ్చి, శుభ్రంగా మళ్ళీ పరిచింది. తప్పని తెలియక కాదు. బిడ్డ మాట అంత తీపిగా ఉంది.

ఆ మధ్యాహ్నం అడుగులు గది సగందాకా వచ్చాయి. సుజన నీళ్ళడిగింది. మూడో రోజు చాప అంచుదాకా వచ్చాయి. సాయంత్రమంతా సుజన గలగలా మాట్లాడుతూనే ఉంది.

నాలుగో రోజు, బేస్తవారం, శివజ్యోతి నిద్రపోకూడదనుకుంది. బిడ్డ చెయ్యి పట్టుకుని పడుకుంది. వీధిలో అలికిడి లేదు. గోడలు సెగలు కక్కుతున్నాయి. తడి రాయి వాసన... దగ్గరగా... ఇంకా దగ్గరగా... కళ్ళు మూతపడ్డాయి.

మెలకువ వచ్చింది. చేతిలో చెయ్యి లేదు.

పొడి మీద పెద్ద అడుగులు. చాపదాకా వచ్చాయి. తిరిగి వెళ్ళాయి. వెళ్ళేటప్పుడు పక్కనే... చిన్న అడుగులు. బండదాకా వెళ్ళాయి. వెనక్కి రాలేదు.

బండ ఎండిపోయి ఉంది.

"మ్మా."

వంటింటి గడపలో సుజన నిలబడి ఉంది. "ఆకలైతాంది మ్మా."

అప్పుడు వచ్చింది ఏడుపు. మూడు నెలలది ఒక్కసారిగా వచ్చింది. పరుగున పోయి బిడ్డను వాటేసుకుంది. ఒళ్ళు వెచ్చగానే ఉంది. బిడ్డ ఆమె చెవిలో మెల్లగా అంది:

"ఆ బండ మూయించు మ్మా. లేకుంటే ఆ పాప పైకొచ్చేస్తాది."

"ఏ పాప?"

సుజన తల్లి మెడను ఇంకా గట్టిగా వాటేసుకుంది.

చెప్పినట్టే దాసన్న వచ్చి సిమెంటు మూట దించాడు. బండ మీద చెయ్యి పెట్టి, పొడి తేమ బాగా పీల్చిందని మెచ్చుకున్నాడు. గడ్డపారతో బండ లేపాడు. శివజ్యోతి వంగి చూసింది. కింద ఎండిన ఇసుక, అంతే. గమేళాలో కాంక్రీటు కలిపి తెచ్చి ఆగాడు.

"పోసేదా మ్మా?"

శివజ్యోతి మళ్ళీ ఆ ఇసుకలోకి చూసింది. సుజన ఆమె కొంగు పట్టుకుని, తలెత్తి చూస్తోంది. మాట్లాడే బిడ్డ, వెచ్చటి బిడ్డ. చేతికందిన దాన్ని కాదని, లేనిదేదో ఇసుకలో వెతకమంటే ఏ తల్లి వెతుకుతుంది?

"పోసెయ్ దాసన్నా."

పోశాడు. బండ పరిచి, కొయ్య సుత్తితో మెల్లగా కొట్టసాగాడు. దెబ్బ దెబ్బకూ సుజన పకపకా నవ్వింది. ఎన్నాళ్ళకో విన్న నవ్వు. శివజ్యోతి మురిసిపోయి బిడ్డ ముఖంలోకి చూసింది.

పై వరస పళ్ళు నిండుగా ఉన్నాయి. పోయిన ఆదివారమే సుజనకు ముందుపన్ను ఊడింది. పేడలో చుట్టి ఇంటి మీదికి విసిరింది శివజ్యోతే. ఆ పన్ను ఇప్పుడు దాని చోట అది ఉంది.

దాసన్న చేతులు కడుక్కుని, రెండు దినాలు ఆ బండను తొక్కొద్దని చెప్పి వెళ్ళిపోయాడు.