సీసాలో సాలీడు, చీకట్లో పిలుపు

మా ఆయన వెంకటరామారావుకు నన్ను ఒక్కసారి పిలిచి ఊరుకోవడం చేతకాదు. "హైమా, హైమా, హైమా" అని నేను పలికేదాకా ఇల్లు పీకి పందిరేస్తడు. ఎనభై మూడుల మా పెళ్ళయినకాడ్నుంచి ఇదే తంతు. "చెవులు చిల్లులు పడుతున్నయ్, ఆపండి మహానుభావా" అని కసురుకుంటూనే వంటింట్ల నుంచి ఉరికేదాన్ని.

ములకలపల్లి అవతల అడవి అంచుల తునికాకు గోడౌనుకు ఆయన ఇన్‌చార్జి. ఈ సీజన్ల ఒక మధ్యాహ్నం బస్తాల సందుల చెయ్యి పెట్టి కేక వేసిండట. చేతి మీద రెండు గాట్లు. దవాఖానాకు తెచ్చేసరికి చెయ్యి వాచిపోయింది. మండే ఎండల కూడా వణుకుతున్నడు.

"కరిచింది ఏంది?" అని డాక్టరు అడిగిండు.

"సాలీడు అనుకుంట… సరిగ్గ చూడలే," అని మా ఆయన మూలిగిండు.

డాక్టరు నా దిక్కు తిరిగిండు. "పామైతే పాము మందు ఎక్కించాలె. సాలీడైతే ఆ మందుతోనే ఈయనకు ముప్పు. మీరు కాలేజీల జువాలజీ చెప్తరు గదా. ఏందో తేల్చుకొని జల్దీ రండమ్మా."

పచ్చడి సీసా, టార్చి పట్టుకొని గోడౌనుకు పోయే ఆకు లారీ ఎక్కిన.

గోడౌనుకు కిటికీలు లేవు. ఆకుకు తడిగాలి తగలొద్దని గట్ల కట్టిన్రు. ఉన్నది ఒక్కటే ఇనుప తలుపు. లోపల రేకుల దాకా బస్తాలు, వరుసల నడుమ ఒక మనిషి పట్టేంత సందు. ఎండిన ఆకు ఘాటుకు అడుగున ఇంకేదో కుళ్ళిన తీపి వాసన.

"లోపట ఎక్కువ సేపు ఉండకమ్మా," అని వాచ్‌మన్ బొజ్జయ్య గుసగుసగ అన్నడు.

"ఏముంది లోపల?"

"ఏం లేదు. సారు కూడా ఏం లేదనే పోయిండు."

మబ్బు పట్టింది. కళ్ళంల ఆరుతున్న ఆకును కప్పడానికి బొజ్జయ్య ఉరికిండు. నేను ఆఖరి వరుస దాకా పోయిన్నో లేదో రేకుల మీద వాన మొదలైంది. తలుపు దిక్కు నుంచి పిలుపు.

"హైమమ్మా!"

నాలుక లేవలే. మా నాయనమ్మ పెంపకం అట్లాంటిది. అడవి పక్కన ఎవరన్నా పేరు పెట్టి పిలిస్తే మూడోసారికే పలకాలె, మనిషి కానిదానికి రెండుసార్లకు మించి పిలవడం చేతకాదు అనేది. ఇంత చదువు చదివి, రెండో పిలుపు కోసం చెవులు రిక్కించి నిలబడ్డ. ఇనుప తలుపు ధనాల్న మూసుకుంది. గడియ పడ్డది. పిలిచింది బొజ్జయ్యే, పలక్కపోయేసరికి నేను వెళ్ళిపోయిన్ననుకున్నడేమో. ఆకు తడిస్తే నల్లబడ్తదని ఆయన తొందర ఆయనది. తలుపు గుద్దిన, గొంతు పోయేటట్టు అరిచిన. ఆ వానల ఎవరికి వినపడ్తది? అక్కడ మా ఆయన మంచం మీద, ఇక్కడ నేను బందీ. నా తెలివి తగలెయ్య!

ఏడ్చుకుంట కూర్చుంటే లాభం లేదు. టార్చి వేసుకొని వెనక్కి పోయి సందు సందూ వెతికిన.

ఒక బస్తా కుట్టు పక్కన కూర్చుంది. అరచెయ్యంత ఉంది. ఒళ్ళంతా నూగు. వీపు మీద బూడిదరంగు ఆకు అచ్చు. ఎనిమిది కళ్ళూ తల మీద చిన్న బొడిపె మీదనే గుంపుగ ఉన్నయ్. సీసా మూతితో కదిలిస్తే కోపంగ ముందుకాళ్ళు ఎత్తింది. వాటి కింద నిమ్మపండు పసుపు. చెట్టు తొర్రల ఉండే పెద్ద సాలీడే! నొప్పి ప్రాణం తోడేస్తది గానీ మనిషిని చంపదు. పాము మందు అక్కర్లేదు. సంతోషానికి ఏడుపొచ్చింది. దాన్ని సీసాల పట్టి మూత బిగించిన.

టార్చి పైకెత్తితే బస్తాల మీద సన్నటి పచ్చ చుక్కలు మెరిసినయ్. భయపడలే. గూడు అల్లకుండ తిరిగి వేటాడే చిన్న సాలీళ్ళ కళ్ళు వెలుగు పడితే గట్లనే మెరుస్తయ్. కింద నాలుగు, పైన పెద్దవి రెండు, వెనక ఇంకో రెండు. కాలేజీల బోర్డు మీద బొమ్మ గీసి మరీ చెప్తుంట.

సందు చివర్న కూడా అదే వరస. కింద నాలుగు. పైన రెండు.

కానీ ఆ రెండింటి నడుమ బెత్తెడు ఎడం ఉంది. అవి నా తల కంటే ఎత్తుల ఉన్నయ్…

టార్చి ఆర్పేసిన. ఎందుకు ఆర్పిన్నో నాకే తెల్వదు.

బస్తాలకు ఏదో గీరుకున్న చప్పుడు. ఆగింది. మళ్ళ…

"హైమా…"

మా ఆయన గొంతు.

కొంగు నోట్ల కుక్కుకున్న.

"హైమా…"

ఈసారి దగ్గర్నుంచి. ఆ కుళ్ళు తీపి వాసన ముఖానికి తగిలింది. కళ్ళు మూసుకొని మూడో పిలుపు కోసం చూసిన. రాలే. వాన తగ్గేదాకా, బొజ్జయ్య తలుపు తీసేదాకా రాలే.

"అయ్యో, లోపలనే ఉన్నవా తల్లీ!" అని నెత్తి కొట్టుకున్నడు. వెనక్కి తిరిగి చూస్తే అన్నీ బస్తాలే.

సీసా చూడగానే డాక్టరు నొప్పికి సూది వేసిండు. వాపు దిగింది. ఆయన్ను ఇంటికి తెచ్చుకున్న. మొగుణ్ణి కాపాడుకున్నవని అందరూ మెచ్చుకున్నరు.

ఇప్పుడు పొద్దుగూకింది, కరెంటు పోయింది. నేను వంటింట్ల ఉన్న. ఆయన గడప అవతల ఉన్నడు.

"హైమా…"

పలకలే.

"హైమా…"

అంతే. ఇంటికి వచ్చినకాడ్నుంచి ఇంతే. రెండుసార్లు పిలుస్తడు, ఆగుతడు, నేను పలుకుతనేమోనని చీకట్ల నిలబడ్తడు. ఈ వంటింటికి ఇంకో తలుపు లేదు.

మనిషి కళ్ళు టార్చి వెలుగుకు గట్ల మెరవయ్. టార్చి నా చేతిలనే ఉంది. బటన్ మీద వేలు కూడా పెట్టిన. గడప దిక్కు నుంచి ఎండిన తునికాకు వాసన వస్తున్నది, దాని అడుగున తీపి…