పొట్టి ఆవు, ఎదుటి పక్షం

"ఇది మా వాదన కాదు. సంతకం పెట్టను," అంటూ మునిప్రసాద్ కాగితాలు వెనక్కి తోశాడు.

తిరుపతి పశువైద్య కళాశాలలో చివరి సంవత్సరం చదువుతున్న మోహనకు ఇది రెండో తిరస్కారం. ఇళ్లలో ముద్దుకు పెంచుకునేందుకు పుంగనూరు ఆవును తరతరానికీ మరింత పొట్టిగా చేయడం ఆపాలన్నది ఆమె వ్యాసం. ఆచార్యురాలు జ్ఞానాంబ పెట్టిన నియమం ఒక్కటే: ఎదుటి పక్షాన్ని న్యాయంగా రాశారని ఆ పక్షంవారే సంతకం చేయాలి. లేనిపక్షంలో వ్యాసం సెమినార్‌కు వెళ్లదు. ఆ తరగతిలో పొట్టి ఆవులను పెంచి అమ్మే కుటుంబం మునిప్రసాద్‌ది మాత్రమే.

"ఏం తప్పుండాది?"

"మమ్మల్ని ఆశపోతులని రాసినావు. మా నాయన్ని ఒక్కసారైనా సూసినావా?"

"అయితే శనివారం వస్తా. యాడికి రావాల?"

అతడు పలమనేరు దారి చెప్పాడు. కోపంతో మొదలుపెట్టిన మాట ఆహ్వానంగా ముగుస్తుందని ఊహించలేదు.

శనివారం పలమనేరులో సన్నని వాన. పశువుల కొట్టంలో మునిప్రసాద్ తండ్రి ఏకాంబరం చెబుతుంటే మోహన రాసుకుంటోంది.

"ఈ జాతి కరువైపోయినప్పుడు ఎవురూ అడగలేదు పాపా. ఇప్పుడు జనం పొట్టిదాన్నే అడగతాండారు. అడిగేవాళ్లు లేకపోతే మేపేవాళ్లుండరు. అప్పుడు జాతి యాడుంటాది?"

"డాక్టరమ్మా, ఆవు నీ నోట్సు తింటాండాది!" అని మునిప్రసాద్ నవ్వాడు.

మోహన చిరిగిన కాగితాన్ని లాక్కుని, అక్కడే గట్టు మీద కూర్చుని ఎదుటి పక్షాన్ని మొదటినుంచి తిరగరాసింది. అతడు చదివాడు. సంతకం చేశాడు.

"మాకంటే బాగా రాసినావు. ఇంక దీన్నెట్లా కొడతావు?"

"తెలీదు. ఇప్పుడు నా వాదనే నాకు పలచగా కనిపిస్తాండాది."

ఆ తరువాత జరిగిన ప్రతిదానికీ ఆమె దాచుకోని ఈ ఒక్క మాటే కారణం. అతడు లోపలికి వెళ్లి ఒక నోటుబుక్కు తెచ్చాడు. అందులో మరీ పొట్టి పెయ్యల తొలి కాన్పుల వివరాలు నాలుగు, అతడి చేతిరాతలో. మూడింటిలో దూడ తల ఇరుక్కుంది. రెండు దూడలు దక్కలేదు.

"ఇది సెమినార్‌లో చదివితే మీ దగ్గర ఎవురు కొంటారు?"

"ఆ సంగతి నాకూ తెలుసు. తీసుకో."

"నువ్విచ్చినంత మాత్రాన వాడను. మీ నాయన్ని అడగతా."

ఆమె నోటుబుక్కును రెండు చేతులతో ఏకాంబరం ముందు పెట్టి, ఏం రాయబోతోందో, దానివల్ల ఏం నష్టం రావచ్చో వివరంగా చెప్పింది. ఆయన నోటుబుక్కును మళ్లీ ఆమె వైపే జరిపాడు.

"ఆ దూడల్ని పూడ్సింది నేనే పాపా. రాయి. ఎవురో అన్నట్టు వద్దు, మా పేరుతోనే రాయి. ఆ మరీ పొట్టి ఆబోతును ఇంక ఆవులకు కట్టించను. జానెడు ఎత్తు పెరిగితే ఆవు ఆవు కాకుండా పోతాదా?"

మోహన, మునిప్రసాద్ బస్సు కోసం రోడ్డు పక్కన నిలబడ్డారు. ఒకే గొడుగు. అది ఎక్కువగా ఆమె వైపే ఒరిగి ఉండటంతో అతడి భుజం తడుస్తోంది.

"ఆ నోటుబుక్కు ఎందుకిచ్చినావు?"

"నీ వ్యాసం ఓడిపోతే దిగులు పడతావని."

"అది సాకు. కారణం చెప్పు."

"ఇష్టం."

"ఎప్పట్నుంచి?"

"మొదటిసారి కాగితాలు తిప్పి పంపినప్పట్నుంచి. మళ్లీ వస్తావని తెలుసు."

"అంటే మొదటిది బాగుండిందా?"

"అబ్బే, అది అన్యాయంగా ఉండింది!"

మోహన నవ్వు ఆపుకోలేకపోయింది. తరువాత అతడి కళ్లలోకి సూటిగా చూసింది.

"నాకూ ఇష్టమే. అయినా సోమవారం సెమినార్‌లో నీకు రవ్వంత కూడా తగ్గను."

"తగ్గితే నేనొప్పుకోను."

బస్సు వచ్చింది. మోహన చెయ్యెత్తలేదు.

"పోతే పోనీ. సెమినార్‌లో నువ్వడగబోయే మొదటి ప్రశ్న ఏందో ఇప్పుడే అడుగు."