చంపాపేట్‌లో రివాల్వర్ రిపేరు

తోటి ఏజెంట్ సైదులును వెనక నుంచి కాల్చి చంపినవాడు ఇప్పుడు లింగస్వామి ఎదుటే స్టూలు మీద కూర్చుని టీ తాగుతున్నాడు.

ఇల్లు పోలీసుల తుపాకులు బాగుచేసిన రిటైర్డ్ ఆర్మరర్ మట్టయ్యది. చీఫ్ భానుమూర్తి అతణ్ని రెండు రోజుల క్రితమే ఊరు దాటించాడు. పనిముట్లు, తెల్లమీసం, వినికిడి మిషన్‌లో దాచిన రేడియోతో ఏజెంట్ లింగస్వామి ఆ స్థానంలో కూర్చున్నాడు.

వచ్చినవాడు విక్టర్, విదేశీ ముఠా షూటర్. తెచ్చింది పాత సింగిల్ యాక్షన్ రివాల్వర్, ఎల్బీనగర్‌లో ఒక ఆంధ్రా కుటుంబం నుంచి దొంగిలించింది. సకల జనుల సమ్మె ర్యాలీలో మాట్లాడబోయే లెక్చరర్‌ను రేపు దానితోనే కాల్చి, అక్కడే పడేసి పోవాలని ప్లాన్. నంబరు పట్టుకుని పోలీసులు ఆ ఇంటికి చేరతారు. ఆ తర్వాత తగలబడేది ఒక్క ఇల్లేనా?

ఇప్పుడే పట్టుకుంటే మిగతా ముఠా జారిపోతుంది. ర్యాలీలో అందరూ దొరుకుతారు. విక్టర్ మాత్రం ప్రాణాలతో కావాలని చీఫ్ బ్రీఫింగ్‌లో రెండుసార్లు చెప్పాడు. లింగస్వామికి సైదులు తోడబుట్టినవాడి కంటే ఎక్కువని తెలిసే చెప్పాడు.

లింగస్వామి తుప్పు గీకాడు. విరిగిన స్ప్రింగ్ మార్చాడు. సిలిండర్ తుడిచి నూనె వేశాడు. చెడగొట్టే వీల్లేదు, బాటసింగారం తోటలో విక్టర్ టెస్ట్ ఫైర్ చేస్తాడు. పగ ఉన్నా పని నిజాయితీగానే చేశాడు.

విక్టర్ కారు దగ్గరికి వెళ్లగానే టీ గ్లాసు ఇచ్చే నెపంతో, అతనితో వచ్చిన అంబిక ఆగింది. విక్టర్ దృష్టిలో ఆమె ప్రేయసి, భానుమూర్తి ఫైల్లో డబుల్ ఏజెంట్.

"ఒక్కటే చెప్పలే వానికి," అన్నాడు లింగస్వామి. "గిట్లాంటి పాతదాంట్ల ఆరు గదులున్నా అయిదే తూటాలు ఏస్తరు. హ్యామర్ కింద గది ఖాళీ ఉండాలె. లేకుంటే జర దెబ్బ తగిలినా పేలుతది."

"ఆరూ నేనే నింపుతా," అంది అంబిక నల్లకళ్లద్దాలు సర్దుకుంటూ.

మర్నాడు దిల్‌సుఖ్‌నగర్‌లో డప్పుల మధ్య లెక్చరర్ లారీ ఎక్కాడు. లింగస్వామి చెవిలో అంబిక కోడ్ వినిపించింది. బాలాపూర్ లడ్డు ఆరుకు పోయింది. అంటే ఆరు గదులూ నిండాయి.

గులాబీ కండువాతో విక్టర్ ముందుకు జరిగాడు. చెయ్యి చొక్కా కిందికి పోయింది. అంతలో లింగస్వామి జెండా కర్ర మొదలుతో వాడి నడుము మీద, సరిగ్గా హ్యామర్ ఉన్నచోట పొడిచాడు.

తొడలో తూటా దిగి విక్టర్ కూలాడు. జనం టపాకాయ అనుకున్నారు. మఫ్టీ పోలీసులు మిగతా ముగ్గురినీ పట్టుకున్నారు.

లింగస్వామి రివాల్వర్ లాక్కుని వాడి కణతకు ఆనించాడు. పిస్టల్ అయితే వేలు నొక్కేసేదే. దీనికి ముందు హ్యామర్ లాగాలి. బొటనవేలు దానిమీదే ఆగింది. వీణ్ని చంపాలని ఒళ్లంతా కోరుతోంది.

"అన్నా," అంది అంబిక పక్కకు చేరి మెల్లగా.

లింగస్వామి వేలు తీశాడు. విక్టర్ ముసలాయన్ను గుర్తుపట్టి, రిపేరు సరిగా చెయ్యలేదని మూలిగాడు.

"రిపేరుకేమైంది?" అన్నాడు లింగస్వామి తెల్లమీసం పీకేస్తూ. "తగలాల్సినోనికే తగిలింది గద."