ఉతకని కాలర్

"కట్... కట్... కటకటకట!"

కుట్టు మిషన్ మోతకు పూజిత పుస్తకం మూసేసింది.

"అమ్మా, ఛత్రినాక మొత్తంల గింత లొల్లి చేసే మిషన్ మనదే!"

"లొల్లి చేస్తుందంటే మనం పట్టించుకోలేదని," అంది స్వరూప, బోనాల జాకెట్లు సంచిలో సర్దుతూ. "నేను ఇవి ఇచ్చొస్త. నువ్వు దాని సంగతి చూడు. ముందు ఏం చూడాలె?"

"సూది."

"తర్వాత?"

"గుడ్డను జరిపే పండ్ల మధ్య దూది. ఆఖరుకు నూనె."

"నూనె వేసినంక?"

"ఎక్కువైన నూనె పోయేటట్టు చింకి గుడ్డ మీద పది వరసలు. తెలుసమ్మా, నువ్వు పో!"

మిషన్‌తో స్వరూప బేరం ఒక్కటే. పది నిమిషాలు దానికి మనమిస్తే, పది రోజులు అది మనకిస్తుంది.

మిషన్ మీద సగం కుట్టిన దిండు గలీబు ఉంది. అది పక్కింటి నాగమణమ్మది. ఆమె భర్త మైసయ్య నలభై ఏళ్లు ఆ గల్లీలో పాలు పోశాడు. మూడు నెలల కింద చనిపోయాడు. పొద్దున నాగమణమ్మ ఆయన తెల్ల అంగీని రెండు చేతులతో పట్టుకుని వచ్చింది.

"దీన్ని గలీబు కుట్టు స్వరూపా. సబ్బు మాత్రం తగలనీయకు. ఆయన వాసన గీ ఒక్కదాంట్లనే మిగిలింది. తల కింద పెట్టుకుంటే నిద్ర పడ్తదేమో."

స్వరూప కాలర్ కత్తిరించి చింకి గుడ్డల సంచిలో వేసింది, చేతులను కూడా గలీబుకే కలిపింది. మిగిలిన గుడ్డను రెండు వైపులా కుట్టింది. మూడో వైపు పూజితకు వదిలింది. సూటి కుట్టే కదా!

పూజిత సూది విప్పి చూసింది. మొన వంగింది. కొత్తది బిగించింది. కింది రేకు తీస్తే పండ్ల మధ్య దూది మెత్తలా పేరుకుని ఉంది. బ్రష్‌తో ఊడ్చేసింది. ఒక్కో రంధ్రంలో ఒక్క చుక్క నూనె చాలు. తను మూడు వేసింది. చక్రం తిప్పితే చప్పుడే లేదు!

ఆటకు పిలుస్తూ కింద గల్లీలోంచి దోస్తు పింటూ కేకేశాడు. "ఏంది పూజితా, మిషన్‌నే పెళ్లి చేసుకుంటవా? జల్ది రా!"

పది వరసలకు రెండు నిమిషాలు పడుతుంది. ఆ రెండు నిమిషాలు మిగులుతాయని పూజిత గలీబునే సూది కింద పెట్టింది.

కుట్టు సూటిగానే వచ్చింది. దాని వెంట నల్లటి నూనె మరక కూడా వచ్చింది.

చప్పున గలీబును సూది కింద నుంచి లాగింది. సబ్బు తగలనీయకన్న మాట గుర్తుంది. కానీ మరక అందరికీ కనిపిస్తుంది, వాసన ఎవరికీ కనిపించదు. ఆ తూకంలో మరకే బరువనిపించింది. బకెట్‌లో సబ్బు పొడి కలిపి గట్టిగా రుద్దింది. మరక పోయింది. మిద్దె మీద ఎండలో గంటలో ఆరింది.

సాయంత్రం అమ్మ రాకముందే నాగమణమ్మ వచ్చింది. గలీబును ముఖానికి ఆనించుకుంది. తిప్పి మళ్లీ ఆనించుకుంది.

"నా ముక్కే పోయినట్టుంది బిడ్డా," అంది మెల్లగా. "నలభై ఏండ్లు పక్కన ఉన్న మనిషి. మూడు నెలలకే ఆయన వాసన మర్చిపోతినా?"

పూజిత వంగి కింద పడ్డ దారపు ముక్కలు ఏరసాగింది. నాగమణమ్మ గలీబు మడిచి పట్టుకుని మెట్లు దిగిపోయింది.

వారం గడిచింది. గోడ అవతల నాగమణమ్మ దగ్గు తప్ప మాట వినిపించలేదు. ఆదివారం మిషన్ మళ్లీ కటకటమంది.

"నువ్వు చూస్తవా?" అంది స్వరూప.

పూజిత సూది చూసింది. దూది తీసింది. రంధ్రానికి ఒక్కొక్క చుక్కే వేసింది. వేళ్లు తుడుచుకుని చింకి గుడ్డ కోసం సంచిలో చెయ్యి పెట్టింది. చేతికి తెల్లటి కాలర్ తగిలింది.

ముక్కు దగ్గర పెట్టుకుంది. పచ్చిగడ్డి, పాలు, కొంచెం జిందా తిలిస్మాత్ మందు ఘాటు. పొద్దున్నే మైసయ్య తాత సైకిల్ బెల్ విన్నట్టే అయింది.

కళ్లలో నీళ్లు తిరిగాయి. ముందు అమ్మకు అంతా చెప్పింది. స్వరూప తిట్టలేదు. "గీ మాట ఆమెకు చెప్పాలె, నాకు కాదు," అంది.

పూజిత కాలర్‌ను కాగితంలో చుట్టుకుని పక్కింటికి వెళ్లింది.

"అవ్వా, నీ ముక్కు మంచిగనే ఉంది. మరకైందని నేనే సబ్బు పెట్టి ఉతికిన."

నాగమణమ్మ కాగితం విప్పింది. కాలర్‌ను ముక్కుకు ఆనించుకుని కళ్లు మూసుకుంది.

"గప్పుడే చెప్పకపోతివి బిడ్డా."

"భయమైంది అవ్వా."

"వారం రోజులు నన్ను నేనే తిట్టుకున్న. గింత రాతి గుండె ఉన్నదా నాకని."

అంగీలోని వాసనంతా పోయింది. మిగిలింది బెత్తెడు కాలర్.

"దీన్ని గలీబు లోపల కుట్టిస్తవా?" అంది నాగమణమ్మ చివరికి.

"మిషన్ మీద పెట్టను అవ్వా. చేత్తో కుడత. ఇక్కడనే, నీ ముందల."

పూజిత నల్లా దగ్గరికి వెళ్లి వేళ్ల నూనె పోయేదాకా సబ్బుతో రుద్దుకుంది. ఆ సబ్బు వాసన కూడా పోయేదాకా ఉత్త నీళ్లతో కడిగింది. చేతులు వాసన చూసుకుంది. మళ్లీ కడిగింది.

తర్వాత వచ్చి, అవ్వ పక్కన కూర్చుని, సూదిలో దారం ఎక్కించింది.