ఎదురింటి నీలం మొహం

మల్కాజ్‌గిరి స్టేషన్‌కు అవతల, పట్టాల పక్కనుంచి పోయే ఒక సందులో ఒక మేడ ఇల్లుంది. సందు పేరు మాత్రం చెప్పను. అక్కడ ఇంకా నలుగురు కాపురాలు చేసుకుంటున్నారు, వాళ్ళ ఇళ్ళ కిరాయిలు పడగొట్టిన పాపం నాకెందుకు?

ఆ మేడకు పేరు చెడి చాలా రోజులైంది. అన్నదమ్ములు కోర్టుకెక్కి, తాళమేసి, తలో దిక్కు పోయారు. దీపం పెట్టని ఇంట్లో ఏదో ఒకటి వచ్చి చేరుతుందని మన పెద్దలు ఊరికే అన్నారా అమ్మా? చేరింది.

మొదట చూసింది పాల ప్యాకెట్లు వేసే అబ్బాయి. పైగది కిటికీ వెనక… ఒక మొహం. ఒట్టి మొహమే. మెడ లేదు, మొండెం లేదు. నీళ్ళలో నానిన పీనుగ మొహంలాగా నీలంగా ఉందట. కాసేపు గాల్లో నిలబడి… ఆరిపోయింది.

మాయమైంది అనలేదండీ వాడు. ఆరిపోయింది అన్నాడు.

తర్వాత ఇస్త్రీ బండి ఆవిడ విన్నది. గుసగుస. ఒకటే గొంతు. అన్న మాటే మళ్ళీ, మళ్ళీ, మళ్ళీ అంటోంది… ఆవిడ బండి అక్కడే వదిలేసి పరుగెత్తింది. ఆ మర్నాటినుంచి ఆటోవాళ్ళు సందు మొదట్లోనే ఆపేయడం షురూ చేశారు. "ఇక్కడ్నే దిగుండ్రి అమ్మా, లోపలికి రాను" అని.

ఆ మేడకు సరిగ్గా ఎదురుగా, రెండు గదుల చిన్న ఇంట్లో, శ్యామలమ్మ ఉంటుంది.

మీలో తల నెరిసినవాళ్ళకు ఆమె మొహం చూపిస్తే, "అయ్యో, ఈమె మా అమ్మ కదూ!" అంటారు. అలాంటి మొహం. సికింద్రాబాద్‌లో రైల్వే ఉద్యోగుల నాటకాలతో మొదలుపెట్టి, మద్రాసు రైలెక్కి, ముప్ఫై నిండకుండానే తనకన్నా పెద్ద హీరోలకు తల్లి అయింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఆమె ఏడిస్తే నేలక్లాసు నుంచి బాల్కనీ దాకా ముక్కులు ఎగబీల్చేవాళ్ళు. సినిమాలు తగ్గాక సీరియళ్ళు. సీరియళ్ళు తగ్గాక… ఇదిగో, ఈ మంచం.

ఆమెకు పిల్లల్లేరు, పెళ్ళే లేదు. ఉన్నది మేబెల్.

మేబెల్ ఆమెకు మద్రాసు రోజులనుంచీ హెయిర్ డ్రెస్సర్. పడుచుపిల్ల నల్లని జుట్టు మీద తెల్ల విగ్గు బిగించి ముసలిదాన్ని చేసిన చెయ్యి. ఇప్పుడు నిజంగానే నెరిసిపోయిన ఆ జుట్టుకు రోజూ నూనె రాసి జడ వేస్తోంది. ఈమె ఆదివారం చర్చికి పోతుంది, ఆమె మంగళవారం మహంకాళి తల్లికి దండం పెట్టుకుంటుంది. ఇద్దరు దేవుళ్ళూ ఆ ఇంట్లో ఒకే అలమారలో సర్దుకున్నారు. ఏనాడూ తగువు పడలేదు.

ఆ ఇంటి గుమ్మం తొక్కే మనిషి ఇంకొకడే. రైటరు బ్రహ్మచారి.

ఎలాంటి రైటరు! ఆయన మాట, శ్యామలమ్మ ఏడుపు. ఇద్దరూ కలిస్తే గుండె కరిగి నీరయ్యేది. ఆ రోజుల్లో ఒక సీరియల్ నడుస్తుండగా, కథలో తల్లి పాత్రను చంపేయమన్నాడట నిర్మాత. చంపితే శ్యామలమ్మ ఇంట్లో పొయ్యి వెలగదు. అది తెలిసిన బ్రహ్మచారి లేచి నిలబడి, "ఆమె చావు నా చేత రాయించలేరు" అని కాగితాలు బల్ల మీద పడేసి బయటికొచ్చాడు. మళ్ళీ ఆ కంపెనీ గడప తొక్కలేదు. శ్యామలమ్మ ఆ ముచ్చట చెప్పినప్పుడల్లా చేతులు జోడించేది.

ఇప్పటికీ రోజూ మధ్యాహ్నం పూట నాలుగు అరటిపళ్ళో, రెండు బత్తాయిలో పట్టుకొస్తాడు. మంచం పక్కన కూర్చుని, ఆమె మణికట్టు పట్టుకుని, పాత షూటింగుల కబుర్లు చెప్తూ చెప్తూ కళ్ళు తుడుచుకుంటాడు. చూసిన మేబెల్‌కు కూడా కళ్ళు చెమర్చేవి.

అలాంటి రోజుల్లో, ఒక రాత్రి, శ్యామలమ్మ ఆ మొహాన్ని చూసింది.

అరవలేదు. కేక పెట్టలేదు. గోడ వైపు తిరిగి పడుకుంది. అంతే… మర్నాటినుంచి అన్నం ముట్టలేదు. జావ పోస్తే పెదవుల్లోంచి జారిపోయింది. డాక్టరు వచ్చి, "గొంతు బాగనే ఉంది, కడుపు బాగనే ఉంది. ఆమెకే తినబుద్ధి లేదు. గిట్లనే ఉంటే మందులేం చేస్తయమ్మా?" అని బ్యాగు సర్దుకుని పోయాడు.

"ఏందక్కా గిట్ల? నన్నెందుకు పరేషాన్ చేస్తున్నవ్?" అని మేబెల్ ఏడ్చింది.

శ్యామలమ్మ గోడ వైపే చూస్తూ, చిన్నగా, "ఎదురింట్ల ఎవరో ఉన్నరు మేబెల్. పోయి చూసి రా" అంది.

"ఎవరుంటరక్కా? తాళమేసిన ఇల్లు."

"దెయ్యమో… మనిషో… చూసొచ్చి చెప్పు. అదొక్కటి తెలిస్తే తింట."

ఓసి పిచ్చిదానా, దెయ్యమని జడుసుకుంటున్నావా అనుకుంది మేబెల్. ఏ దొంగవెధవో, తాగుబోతో దూరి ఉంటాడు, పట్టుకుని నాలుగు తన్ని, "చూడక్కా, మనిషే" అని చెప్తే సరి. తింటుంది.

ఆ రాత్రి శ్యామలమ్మకు దుప్పటి కప్పి, కొంగులో టార్చి దాచుకుని, సందు దాటింది. ముందు గేటుకు తాళం తుప్పు పట్టి ఉంది. పెరటి వైపు పోయింది. అక్కడ తలుపుకు… కొత్త తాళం. తీసి వేలాడుతోంది.

లోపల చీకటి. మెట్ల మీద గబ్బిలాల కంపు, కుళ్ళిన పళ్ళ కంపు, ఇంకేదో కంపు. టార్చి వెయ్యడానికి ధైర్యం చాల్లేదు. పెదవుల మీద ప్రభువు పేరు పెట్టుకుని, గోడ తడుముకుంటూ ఎక్కింది. ఒక మెట్టు… ఇంకో మెట్టు…

పైనుంచి గుసగుస.

"తెల్లవారుజామున… శ్యామలమ్మ… కన్నుమూశారు…"

మేబెల్ మెట్టు మీదే ఆగింది. ఇప్పుడే కదా దుప్పటి కప్పి వచ్చింది! ఇంతలో పోయిందా? ఎవరు పట్టుకుపోయారు? ఎవరు చెప్తున్నారు ఇది?

"కన్నుమూశారు… ఉహూఁ. చప్పగా ఉంది. శ్యామలమ్మ… ఒరిగిపోయారు. వెండితెర కన్నతల్లి… నేలకొరిగింది. ఆఁ…"

మేబెల్ టార్చిని గుండెకు అదుముకుంది.

"కన్నకొడుకు తరిమేస్తే… ఈ చీకటి కొట్లో… ఆఖరి గడియల్లో గుక్కెడు నీళ్ళిచ్చే దిక్కు లేక…"

అయ్యా, అమ్మా, భయమనేది ఒక పట్టాన పోదు కానీ, పోతే ఇలాగే పోతుంది. గుక్కెడు నీళ్ళిచ్చే దిక్కు లేదా? మరి నేనెవర్ని? ఇన్నేళ్ళు నీళ్ళు పోసి, పక్క మార్చి, ఒళ్ళు తుడిచిన నేను చచ్చిన్నా? దెయ్యమైతే దెయ్యమే, ఇంత అబద్ధమాడే దెయ్యం మొహం చూడాల్సిందే! టార్చి నొక్కి, మిగతా మెట్లెక్కి, తలుపు ఒక్క తన్ను తన్నింది.

కిటికీ దగ్గర కుర్చీ. కుర్చీలో మనిషి. ఒళ్ళో ఫోను, ఆ ఫోను వెలుగులో నీలంగా… బ్రహ్మచారి మొహం.

డైలాగు రాసేముందు దాన్ని నోట్లో వేసుకుని, గుసగుసగా పలికి, రుచి చూసి, మార్చి మళ్ళీ పలకడం ఆయనకు మొదటినుంచీ అలవాటు. సెట్టు వెనక వందసార్లు చూసింది మేబెల్. ఇప్పుడు అలాగే, అదే శ్రద్ధతో, శ్యామలమ్మ చావును రుచి చూస్తున్నాడు.

కిటికీలో ఇంకో ఫోను, మూడు కాళ్ళ స్టాండు మీద. దాని కన్ను తిన్నగా శ్యామలమ్మ గది వైపు. కింద అరటి తొక్కలు, మూలన ఒక ప్లాస్టిక్ సీసా. అందులో ఏముందో చెప్పను, భోంచేసి వచ్చి కూర్చున్నవాళ్ళున్నారు.

మేబెల్ ఆయన ఒళ్ళోంచి ఫోను లాక్కుంది. తెర మీద శ్యామలమ్మ. నోరు తెరుచుకుని నిద్రపోతోంది. చుట్టూ బొమ్మ పూలదండ. కింద ఎర్రటి అక్షరాలు. మొన్న మధ్యాహ్నం తను ఈ పెద్దమనిషికి చాయ్ పెట్టడానికి వంటింట్లోకి పోయినప్పుడు తీసిన ఫొటో అది.

"ఏందిది రైటరు గారూ?"

"మెల్లగా మేబెల్… మెల్లగా… శ్యామల లేస్తుంది."

"లేస్తే మీకు నష్టమా?"

ఆయన స్టాండు వైపు చూశాడు. "తిరుమల్ అని ఒక కుర్రాడు… ఛానల్ నడుపుతాడు…" అన్నాడు. ఆ ఛానల్ పేరు మాత్రం నేను పలకను, నోరు మైలపడుతుంది. "పాత ఆర్టిస్టు ఎవరైనా పోతే… ముందు వీడియో పెట్టిన వాళ్ళదే జనం చూస్తారు. ఈ తలుపు తాళంచెవి ఎక్కడో సంపాదించి వాడే ఇచ్చాడు. మీ ఇంట్లో లైట్లు వెలిగి, నలుగురు చేరితే… నేను ఫోను కొట్టాలి. అంతే."

"మరి పగలొచ్చి ఏడ్చేది?"

తల దించుకున్నాడు.

అప్పుడు వెలిగింది మేబెల్‌కు. రోజూ ఆ మణికట్టు… ఆ వేళ్ళు… "నాడి చూస్తున్నరా? ఎంత దూరంల ఉన్నదో కొలుచుకుంటున్నరా? నేను పిచ్చిదాన్ని, ప్రేమనుకున్న!"

"ఎవడో ఒకడు రాస్తాడు మేబెల్! చవటలు, తప్పుల తడకగా రాస్తారు. అదేదో నేనే రాస్తే, ఆమె స్థాయికి తగ్గట్టు…"

"కొడుకు తరిమిండని రాసినరు. ఆమెకు కొడుకెక్కడున్నడు?"

"జనానికి… ఒక కొడుకు కావాలమ్మా."

ఆ మాట అంటున్నప్పుడు ఆయన గొంతులో సిగ్గు లేదు. పనివాడి ఓపిక ఉంది.

"ఆమె చావు రాయనని కాగితాలు విసిరేసినోనివి కదయ్యా నువ్వు!"

"అప్పుడు నాకు పనుండేది తల్లీ."

థూ! అని ఊసింది మేబెల్. నేల మీదనే ఊసింది, మొహం మీద ఊయడానికి ఆమె పెంపకం ఒప్పుకోలేదు. ఫొటో చెరిపించింది, రాసిందంతా చెరిపించింది, స్టాండు మీది ఫోను ఊడబీకి ఆయన జేబులో కుక్కింది. మెట్లు దిగుతూ ఆయన గోడ పట్టుకుని ఆగాడు.

"శ్యామలకు మాత్రం చెప్పకు. ఆ ఒక్క మనిషి దగ్గరే నేనింకా రైటర్ని."

వంగిన ఆ మెడ స్టేషన్ వైపు చీకట్లో కలిసిపోయేదాకా చూసి, మేబెల్ ఇంటికొచ్చి, సబ్బు పెట్టి మోచేతుల దాకా కడుక్కుంది. మళ్ళీ కడుక్కుంది. కంపు పోలేదు.

గదిలో శ్యామలమ్మ మేలుకునే ఉంది. గోడ వైపే తిరిగి.

"చూసినవా?"

"చూసిన."

"దెయ్యమా… మనిషా?"

ఇప్పుడు మీరే చెప్పండి. మనిషే అని నిజం చెప్తే, ఏ మనిషి అంటుంది. ఆ పేరు విని ఈ ప్రాణం నిలబడుతుందా? దెయ్యమంటే జడుపుతో పోతుందేమో. ఎటు చూసినా గొయ్యే. జడుపుకైతే పక్కన తను ఉంటుంది, రాత్రంతా చెయ్యి పట్టుకుంటుంది అనుకుంది మేబెల్.

"దెయ్యమే అక్కా."

"నిజంగనా?"

"నిజం."

"మీ ప్రభువు మీద ఒట్టు పెట్టి చెప్పు."

పుట్టి బుద్ధెరిగి అబద్ధమాడని మనిషి. "మా దాంట్ల ఒట్లు పెట్టుకోవద్దక్కా, పాపం" అంది.

శ్యామలమ్మ మెల్లగా ఇటు తిరిగింది. ఎన్ని రోజులకో, ఆ మొహంలో నవ్వు. సన్నగా, తడిగా.

"అమ్మయ్య… దెయ్యమేనా. దెయ్యమైతే ఏం తక్లీఫ్ లేదు మేబెల్. దాని మానాన అదుంటది."

మేబెల్ మంచం అంచున కూర్చుంది.

"ఆ ముక్కు, ఆ మెడ వంపు… అచ్చం మన బ్రహ్మచారి లెక్కనే కొట్టింది నా కంటికి. నా చావుకోసం కాచుకొని కూసున్నడేమో అనుకున్న. గంత మంచి మనిషిని. ఇగ నేను బతికి ఎవరికోసమని అన్నం మీదికి మనసు పోలే." కళ్ళు తుడుచుకుంది. "పాపిష్టి కండ్లు! జావ ఉన్నదా?"

ఉంది. మేబెల్ వేడి చేసి తెచ్చింది. మొదటి చెంచా లోపలికి పోయింది. రెండోదీ పోయింది. మూడో చెంచా నోటి దగ్గరుండగా శ్యామలమ్మ ఆమె చెయ్యి ఆపింది.

"రేపు ఆయన రాకపోతే నువ్వే ఫోన్ చేసి పిలువు. నేను కాళ్ళు మొక్కి మాఫీ అడగాలె."